సీపాప్ మెషీన్ తట్టుకోలేకపోతున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు

స్లీప్ ఆప్నియా (నిద్రలో పదేపదే ఊపిరి ఆగే జబ్బు) అని తేలి, డాక్టరు సీపాప్ మెషీన్ (నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గాలిదారి మూసుకుపోకుండా చూసేది) రాసిచ్చి, దాన్ని కొన్నాళ్లు పెట్టుకుని ఆ తర్వాత అటకెక్కించినవాళ్లు నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, వనపర్తి వైపు నాకు తారసపడుతూనే ఉన్నారు. వాళ్లూ, వాళ్ల ఇంటివాళ్లూ అడిగే సందేహాలు దాదాపు అవే కావడంతో వాటిని ఒకచోట చేర్చాను. నేను డాక్టరును కాను, ఈ మెషీన్ వాడేవాళ్లలో ఒకణ్ణి. ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మానేయాలనిపించే తొలి రోజులు

గురకే కదా, మెషీన్ పెట్టుకోకపోతే ఏమవుతుంది?

గురక వేరు, నిద్రలో ఊపిరి ఆగడం వేరు. నిద్రపట్టగానే గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోవడం, కనీసం పది సెకన్లపాటు గాలి ఆడకపోవడం, రక్తంలో ఆక్సిజన్ పడిపోయి మెదడు ఉలిక్కిపడి లేపడం, ఇలా రాత్రంతా జరిగేదాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. పగటి మగత, తెల్లవారి తలనొప్పి, మందులకు లొంగని బీపీ దీనితో ముడిపడి ఉంటాయి. అయితే మెషీన్ పెట్టుకోనివారందరికీ గుండెపోటు వస్తుందని భయపెట్టడం కూడా సరికాదు. అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో ఉన్నవారి మీద చేసి 2016లో ప్రచురించిన ఒక పెద్ద పరీక్షలో, సీపాప్ వల్ల మగత తగ్గి జీవన నాణ్యత మెరుగుపడింది కానీ గుండెపోటు, పక్షవాతం వంటివి తగ్గినట్టు తేలలేదు. అందులో పాల్గొన్నవారు సగటున రాత్రికి మూడు గంటలకు కొద్దిగా పైన మాత్రమే వాడారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నా ఉద్దేశంలో నిర్ణయం రెండు విషయాల మీద ఆధారపడాలి: మీ జబ్బు తీవ్రత ఎంత, పగలు మీకు నిద్ర ఎంతగా ముంచుకొస్తోంది.

స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష) రిపోర్టులో ఏహెచ్ఐ 38 అని ఉంది. అది ఎక్కువా, తక్కువా?

ఎక్కువే. గంట నిద్రలో ఎన్నిసార్లు ఊపిరి పూర్తిగా ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్కే ఏహెచ్ఐ. పెద్దవారిలో 5 లోపు మామూలు, 5 నుంచి 14 వరకు స్వల్పం, 15 నుంచి 29 వరకు మధ్యస్థం, 30, ఆపైన అయితే తీవ్రం. ఆ ఒక్క అంకె చూసి రిపోర్టు మూసేయకండి. వెల్లకిలా పడుకున్నప్పటి లెక్క, పక్కకు తిరిగినప్పటి లెక్క, ఆక్సిజన్ ఎంతవరకు పడింది అన్నవి కూడా అందులోనే ఉంటాయి. మెషీన్ కాకుండా వేరే దారి మీకు సరిపడుతుందా లేదా అన్నది చాలావరకు ఆ మూడింటి మీదే తేలుతుంది.

మాస్క్ పెట్టుకోగానే ఊపిరాడనట్టై గుండె దడ వస్తోంది. నాకిది పడదా?

పడదని అప్పుడే తేల్చుకోవద్దు. మొహం మూసుకుపోయిందన్న భయం మొదట్లో చాలామందికి కలుగుతుంది, దాన్ని మెట్లు మెట్లుగా పోగొట్టే పద్ధతి ఉంది. ముందు పగటిపూట, మెషీన్ లేకుండా, మాస్కును చేత్తో మొహానికి ఆనించి టీవీ చూడండి. అది అలవాటయ్యాక పట్టీలు బిగించండి, తర్వాత గాలి ఆన్ చేసి కూర్చోండి, ఆ తర్వాత మధ్యాహ్నం కునుకుకు వాడండి, చివరికి రాత్రికి మారండి. ఒక మెట్టు దగ్గర భయం తగ్గాకే తర్వాతి మెట్టు ఎక్కాలి. ఇంట్లోవాళ్లు పక్కన నిలబడి పెట్టుకో, పెట్టుకో అని తొందరపెడితే భయం పెరుగుతుందే తప్ప తగ్గదు. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే నేజల్ పిల్లోస్ మాస్క్ మొహాన్ని కప్పదు కాబట్టి ఇలాంటివారికి తరచుగా అదే నప్పుతుంది. దీన్ని అడిగి తెప్పించుకోండి, ఎందుకంటే అమ్మేవాళ్లు చాలాసార్లు ఫుల్ ఫేస్ మాస్క్ ఒక్కటే చేతిలో పెట్టి పంపిస్తారు.

గాలి మరీ జోరుగా వస్తోంది, ఊపిరి బయటికి వదలలేకపోతున్నాను. ఏం చేయాలి?

మామూలు సీపాప్ రాత్రంతా ఒకే ఒత్తిడితో గాలి పంపుతుంది, దాని పరిధి సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి. మొదట తక్కువతో మొదలై క్రమంగా పెరిగే ర్యాంప్ సదుపాయం, ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడిని కొద్దిగా తగ్గించే సదుపాయం చాలా మెషీన్లలో ఉన్నాయి, కానీ వాటిని ఆన్ చేయకుండానే ఇంటికి పంపిన సందర్భాలున్నాయి. ఆటో సీపాప్ అయితే అవసరమైనప్పుడే ఒత్తిడి పెంచుతుంది. అదీ సరిపోకపోతే లోపలికి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడినిచ్చే బైపాప్ గురించి డాక్టరు ఆలోచిస్తారు. ఒత్తిడి అంకెలను మాత్రం వీడియోలు చూసి మీ అంతట మీరు మార్చవద్దు.

గాలి పక్కనుంచి లీకై కళ్లలోకి కొడుతోంది. పట్టీ ఎంత బిగించినా ఆగడం లేదు.

బిగించడమే తప్పు కావచ్చు. మాస్క్ అంచు గాలితో కొద్దిగా ఉబ్బి చర్మానికి ఆనాలి, బిగిస్తే అది మడతపడి ఇంకా కారుతుంది, ముక్కు మీద పుండు కూడా పడుతుంది. పట్టీలను కూర్చుని కాకుండా పడుకుని, గాలి ఆన్‌లో ఉండగా సరిచేసుకోండి. దట్టమైన మీసం ఉన్నవారికి పై పెదవి దగ్గర లీకు సహజం, నేజల్ పిల్లోస్‌తో అది తగ్గుతుంది. తలకు, మొహానికి కొబ్బరినూనె రాసుకుని పడుకునే అలవాటుంటే సిలికాన్ అంచు జారిపోవడమే కాక త్వరగా పాడవుతుంది, కాబట్టి నూనె పెట్టుకోవడం పొద్దుటికి మార్చుకోండి.

పొద్దున లేచేసరికి నోరు పిడచకట్టుకుపోతోంది, ముక్కు దిబ్బడేస్తోంది.

ముక్కు మూసుకుపోతే నోరు తెరుచుకుంటుంది, నోటినుంచి గాలి పోతే నోరు ఎండుతుంది. కాబట్టి ముందు ముక్కు సంగతి చూడాలి. ఈఎన్‌టీ డాక్టరు ముక్కు దూలం వంకరగా ఉందా, లోపలి కండలు వాచాయా, అలర్జీ ఉందా అని పరీక్షించి స్ప్రేనో, ముక్కును ఉప్పునీటితో కడగడమో సూచిస్తారు, కొందరికి చిన్న ఆపరేషన్ అవసరమవుతుంది. ఆ ఆపరేషన్ వల్ల ఆప్నియా పోదు కానీ మెషీన్ భరించదగ్గదవుతుంది. పత్తి ఏరే కాలంలో, రైస్ మిల్లులు ఎక్కువగా ఉండే మిర్యాలగూడ వంటి చోట్ల దుమ్ముకు మెషీన్ ఫిల్టర్ త్వరగా నల్లబడుతుంది, వారానికోసారి తీసి చూడండి. నోటికి టేపు అంటించుకునే చిట్కా ఇప్పుడు ఫోన్లలో తెగ తిరుగుతోంది. ముక్కు సరిగా ఆడనివారికి అది ప్రమాదకరం.

కడుపులోకి గాలి పోయి ఉబ్బరంగా ఉంటోంది.

గాలి మింగేస్తున్నారన్నమాట. ఒత్తిడి ఎక్కువైనా, లీకు ఉన్నా, పడుకునే ముందే కడుపునిండా తిన్నా ఇది పెరుగుతుంది. భోజనం తొందరగా ముగించండి, తల వైపు కాస్త ఎత్తు పెట్టండి, అయినా తగ్గకపోతే ఒత్తిడి సవరించమని డాక్టరును అడగండి.

## మన ఇళ్లలో, మన ఊళ్లలో

హ్యుమిడిఫయర్‌లో (మెషీన్ పంపే గాలికి తేమనిచ్చే నీటి తొట్టిలో) ఏ నీళ్లు పోయాలి? మాకు ఫిల్టర్ నీళ్లు ఉన్నాయి.

డిస్టిల్డ్ వాటర్ పోయాలి. నల్లగొండ బోరు నీటిలో ఫ్లోరైడ్‌తో పాటు ఇతర లవణాలూ ఎక్కువ, అవి నీటి తొట్టి అడుగున తెల్లగా పేరుకుని పరికరాన్ని పాడుచేస్తాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతి తాగడానికి ఉద్దేశించినదే, దాంతో నీళ్లు డిస్టిల్డ్ కావు. ఆర్వో ప్లాంటు నీళ్లలో, మిషన్ భగీరథ కుళాయి నీళ్లలో కూడా లవణాలు కొంత ఉంటాయి. ఒకటి రెండు రాత్రులకు దొరక్కపోతే కాచి చల్లార్చిన ఆర్వో నీళ్లు వాడి, పొద్దున్నే తొట్టి కడిగి ఆరబెట్టండి. ఇన్వర్టర్ బ్యాటరీల షాపులో చవకగా దొరికే సీసాల జోలికి పోవద్దని నా సలహా, అదే అరలో యాసిడ్ సీసాలు కూడా ఉంటాయి.

రాత్రి కరెంటు పోతే మాస్కులో ఊపిరాడక చనిపోతామా?

లేదు. ఫుల్ ఫేస్ మాస్కుల్లో గాలి ఆగిన వెంటనే బయటి గాలికి దారి తెరిచే కవాటం ఉంటుంది. ముక్కు మాస్క్ అయితే నోరు తెరుచుకుంటుంది, పైగా మెలకువ వస్తుంది. అసలు నష్టం ఆ రాత్రి చికిత్స ఆగిపోవడమే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది ప్యూర్ సైన్ వేవ్ రకమేనా అని చూసుకోండి. హ్యుమిడిఫయర్, వేడి ట్యూబ్ ఆపేస్తే కరెంటు వాడకం బాగా తగ్గి బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది.

ఎండాకాలం డాబా మీద, మామూలప్పుడు కింద చాప మీద పడుకుంటాం. మెషీన్ ఎక్కడ పెట్టాలి?

తల కన్నా తక్కువ ఎత్తులో పెట్టాలి. కింద పడుకునేవాళ్లు మెషీన్‌ను స్టూలు మీదో కుర్చీ మీదో పెడతారు, అప్పుడు ట్యూబులో చేరిన నీటి చుక్కలు నేరుగా మాస్కులోకి జారి ముక్కులో పడతాయి, మెషీన్ పాడైందని అనుకుంటారు. నేల మీద శుభ్రమైన పీట వేసి దానిపై పెట్టండి, దుప్పటి దాని గాలి రంధ్రాన్ని కప్పకుండా చూడండి. డాబా మీదికి తీసుకెళ్లవచ్చు కానీ నీటి తొట్టి ఖాళీ చేశాకే మోయాలి. ఎయిర్ కూలర్ నడిచే గదిలో తేమ ఇప్పటికే ఎక్కువ కాబట్టి హ్యుమిడిఫయర్ తగ్గించుకోవచ్చు.

రాత్రికి ఎన్ని గంటలు వాడితే వాడినట్టు?

నిద్రపోయినంతసేపూ వాడాలన్నదే ఆదర్శం. కనీసం నాలుగు గంటల చొప్పున, నూటికి డెబ్బై రాత్రులు వాడితే వాడుతున్నట్టు అన్నది అమెరికా బీమా నిబంధన నుంచి వచ్చిన లెక్క, వైద్యపరంగా అది ఓ గీత కాదు. వాడే గంటలు పెరిగేకొద్దీ మగత తగ్గుతుంది. తెల్లవారుజామున కలలొచ్చే నిద్రలో ఊపిరి ఆగడం తరచుగా ఎక్కువవుతుంది కాబట్టి, మూత్రానికి లేచినప్పుడు మాస్క్ తీసి మళ్లీ పెట్టుకోకపోవడం పెద్ద నష్టం. కొన్నాళ్లు మానేస్తే పాత లక్షణాలు కొద్ది రోజుల్లోనే తిరిగొస్తాయి.

## వేరే దారులు వెతికేటప్పుడు

మెషీన్ వద్దు. ఇంకేదైనా మార్గం ఉందా?

ఉంది, కానీ ఎవరికి ఏది అన్నది మీ గొంతు నిర్మాణం, బరువు, జబ్బు తీవ్రత చెబుతాయి. స్వల్పం, మధ్యస్థం అయినవారికి దవడ పరికరం, పడుకునే తీరు మార్చుకోవడం, బరువు తగ్గడం వంటివి తగిన ప్రత్యామ్నాయాలే. ఏహెచ్ఐ 30 దాటి, ఆక్సిజన్ బాగా పడిపోయేవారికి మాత్రం సీపాప్ అంత కచ్చితంగా పనిచేసేవి తక్కువ. అలాంటివారు మెషీన్‌ను పక్కనపెట్టే ముందు, తమకు భరించరానిది మాస్కా, ఒత్తిడా, ముక్కా, మనసులోని భయమా అన్నది ఒక డాక్టరుతో కూర్చుని విడదీసి చూసుకోవాలి. నాకు తెలిసినంతలో మెషీన్ పడలేదని చెప్పేవారిలో చాలామందికి పడనిది అందులోని ఏదో ఒక భాగమే.

పళ్ల డాక్టరు ఇచ్చే పరికరం ఏమిటి? అందరికీ పనిచేస్తుందా?

రాత్రిపూట నోట్లో పెట్టుకునే ఈ పరికరం కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరిపి పట్టి ఉంచుతుంది, దాంతో నాలుక వెనక దారి తెరుచుకుంటుంది. స్వల్ప, మధ్యస్థ ఆప్నియాలో, మెషీన్ భరించలేని తీవ్ర రోగుల్లో దీన్ని వాడతారు. మీ పళ్ల అచ్చు తీసి చేయించినదే కొనాలి, వేడినీళ్లలో ముంచి కొరికి పెట్టుకునే ఆన్‌లైన్ రకాలు అంతగా పనిచేయవు. తొలి వారాల్లో దవడ నొప్పి, చొంగ కారడం ఉంటాయి, ఏళ్ల తరబడి వాడితే పైపళ్లు, కిందపళ్లు కలిసే తీరు కొద్దిగా మారవచ్చు.

మన ప్రాంతం వారు మూడు విషయాలు ముందే చెప్పాలి. పరికరాన్ని నిలిపేది పళ్లే కాబట్టి ఎక్కువ పళ్లు ఊడినవారికి, చిగుళ్లు వదులై పళ్లు కదులుతున్నవారికి ఇది నిలవదు. ఫ్లోరైడ్ వల్ల పళ్లపై పొర పెళుసుబారి పెచ్చులూడుతుంటే పరికరం పట్టు వల్ల అవి ఇంకా దెబ్బతింటాయేమో డాక్టరు చూడాలి. గుట్కా, వక్కపొడి అలవాటుతో నోరు పూర్తిగా తెరుచుకోనివారికి అచ్చు తీయడమే కష్టం, పైగా అది ముందు వైద్యం చేయించుకోవలసిన వేరే జబ్బు.

పక్కకు తిరిగి పడుకుంటే సరిపోదా?

కొందరికి సరిపోతుంది. వెల్లకిలా ఉన్నప్పటి ఏహెచ్ఐ, పక్కకు ఉన్నప్పటి దానికి రెట్టింపో అంతకన్నా ఎక్కువో ఉండి, పక్కకు తిరిగినప్పుడు దాదాపు మామూలుగా ఉంటే మీరు ఆ కొందరిలో ఒకరు. బనియన్ వీపు వైపు జేబు కుట్టించి బంతి పెట్టుకోవడం పాత పద్ధతి, వెల్లకిలా తిరిగితే కంపించే పట్టీలు కొత్తవి. ఫ్లోరోసిస్ వల్ల మెడ, వెన్ను, భుజాలు బిగుసుకుపోయిన పెద్దవారిని రాత్రంతా ఒక పక్కకే ఉండమనడం శిక్షే అవుతుంది, వాళ్లకు తలవైపు మంచం ఎత్తు చేయడం కొంత మేలు.

బరువు తగ్గితే జబ్బు పోతుందా? ఇంజెక్షన్ వచ్చిందంటున్నారు, నిజమేనా?

తగ్గుతుంది, కొందరిలో పోతుంది, అందరిలో కాదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో చేసి 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం శరీర బరువు పది శాతం తగ్గితే ఏహెచ్ఐ సుమారు 26 శాతం తగ్గుతుందని అంచనా. అంటే 90 కిలోలవారు 9 కిలోలు తగ్గితే ఏహెచ్ఐ 40 నుంచి 30 దగ్గరికి రావచ్చు, అది ఇంకా తీవ్రానికి అంచునే.

ఇంజెక్షన్ మాట నిజం. టిర్జెపటైడ్ అనే వారానికోసారి తీసుకునే మందును ఊబకాయం, మధ్యస్థ లేదా తీవ్ర ఆప్నియా రెండూ ఉన్న పెద్దలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో అనుమతించింది. అంతకుముందు జరిపిన పరీక్షల్లో ఏడాదిలో గంటకు సగటున 25 నుంచి 29 వరకు ఊపిరి ఆటంకాలు తగ్గాయి. మన దేశంలో ఈ మందు మౌంజారో పేరుతో 2025 మార్చి నుంచి మధుమేహానికి, బరువుకు దొరుకుతోంది. వాంతులు, విరేచనాలు మామూలు దుష్ప్రభావాలు, కుటుంబంలో ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారికి ఇది ఇవ్వరు. మానేస్తే బరువు తిరిగి వస్తుంది. మోతాదు నిదానంగా పెంచుతారు, బరువు తగ్గడానికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో మెషీన్ ఆపకూడదు.

ఆపరేషన్ చేయించుకుంటే శాశ్వతంగా పోతుందా?

ఏ ఆపరేషన్, ఎవరికి అన్నది తేలకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. పిల్లల్లో టాన్సిల్స్, అడినాయిడ్స్ తీయడమే సాధారణంగా మొదటి వైద్యం. పెద్దల్లో టాన్సిల్స్ బాగా పెద్దవిగా ఉంటే గొంతు ఆపరేషన్ ఫలితమిస్తుంది, లేకపోతే అంగిలి వెనక భాగం కోసి తీసినా జబ్బు మిగిలిపోయే అవకాశం గణనీయం. గాలిదారి ఎక్కడ మూసుకుపోతోందో మత్తిచ్చి సన్నని గొట్టంతో చూసే స్లీప్ ఎండోస్కోపీ చేయకుండా కత్తి పట్టే చోట రెండో అభిప్రాయం తీసుకోండి. పైదవడ, కిందిదవడ రెండింటినీ ముందుకు జరిపే ఆపరేషన్ బాగా పనిచేసేదే కానీ పెద్దది, కోలుకోవడానికి వారాలు పడుతుంది. లేజర్‌తో గురక మాయం అనే ప్రకటనలను నేను నమ్మను: గురక చప్పుడు పోయి ఊపిరి ఆగడం అలాగే మిగిలితే ఇంట్లోవాళ్లకు కూడా తెలియకుండా పోతుంది.

నాలుక నరానికి ప్రేరణనిచ్చే యంత్రాన్ని ఛాతీలో అమర్చే పద్ధతి కూడా ఉంది, అమెరికాలో 2014లో అనుమతి పొందింది, ఖర్చు చాలా ఎక్కువ. ఏ జబ్బుకు ఆపరేషన్ చేయించుకున్నా మీకు ఆప్నియా ఉందని మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి.

కరోనా అప్పుడు కొన్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఇంట్లో ఉంది. మెషీన్ బదులు అది పెట్టుకోవచ్చా?

పెట్టుకోకూడదు. గొంతు మూసుకుపోయాక ముక్కు దగ్గర ఎంత ఆక్సిజన్ ఉన్నా లోపలికి పోదు. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో అంకె కొంత బాగా కనిపించవచ్చు కానీ ఊపిరి ఆగడం ఆగదు, కొందరిలో ఆగే వ్యవధి పెరుగుతుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవచ్చు.

ప్రాణాయామం, శంఖం ఊదడం వంటివి పనిచేస్తాయా?

తోడుగా పనిచేస్తాయి, బదులుగా కాదు. నాలుక, గొంతు కండరాల వ్యాయామాలతో స్వల్ప, మధ్యస్థ రోగుల్లో ఏహెచ్ఐ తగ్గినట్టు అధ్యయనాలున్నాయి. జైపూర్‌లో 30 మంది మధ్యస్థ రోగులతో చేసి 2025లో ప్రచురించిన చిన్న పరీక్షలో, ఆరు నెలలు శంఖం ఊదినవారికి పగటి మగత తగ్గింది, గంటకు నాలుగైదు ఆటంకాలు తగ్గాయి. ఏహెచ్ఐ 18 ఉన్నవారికి అది మేలే, 50 ఉన్నవారికి తేడా తెలియదు.

రాత్రి కల్లు తాగితే నిద్ర బాగా పడుతోంది. తాగవచ్చా?

మద్యం గొంతు కండరాలను మరింత సడలిస్తుంది కాబట్టి నిద్ర పట్టినా ఊపిరి ఆగడం పెరుగుతుంది. మన జిల్లాల్లో దీనికి ఇంకో చిక్కుంది. దుకాణాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతున్న కేసులు మహబూబ్‌నగర్ వైపు ఎన్నోసార్లు బయటపడ్డాయి. వీటికి అలవాటుపడినవారికి మెషీన్ వాడుతున్నా పగలు మత్తు వదలదు, దాంతో మెషీన్ పనిచేయలేదనుకుంటారు. ఆ కల్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, పిచ్చి ప్రవర్తన, ఫిట్స్ రావచ్చు, అందువల్ల ఎంతకాలంగా, ఎంత తాగుతున్నారో దాచకుండా డాక్టరుకు చెప్పి నెమ్మదిగా మానాలి. డాక్టరు చెప్పకుండా మెడికల్ షాపులో కొనుక్కునే నిద్ర మాత్రలకూ ఇదే వర్తిస్తుంది.

## మారే ముందు, మారాక

ఎవరికి చూపించుకోవాలి? హైదరాబాదే వెళ్లాలా?

మొదట ఊపిరితిత్తుల డాక్టరుకు లేదా ఈఎన్‌టీకి చూపించుకోండి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రుల్లో ఈ విభాగాలుంటాయి, నల్లగొండ వైపువారికి బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. ప్రయాణానికి ముందే స్లీప్ స్టడీ చేస్తారా, ఎన్ని రోజులకు తేదీ ఇస్తారు అని ఫోన్ చేసి కనుక్కోండి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టు, మెషీన్, దాని మెమరీ కార్డు, మాస్క్, వాడే మందుల చీటీలు అన్నీ తీసుకెళ్లండి. రాత్రికి ఎన్ని గంటలు వాడారు, ఎంత లీకైంది, ఇంకా ఎన్ని ఆటంకాలు మిగిలాయి అన్నది కార్డులోనే ఉంటుంది, మాటలతో చెప్పేదానికన్నా డాక్టరుకు అదే ఎక్కువ ఉపయోగం. థైరాయిడ్ పరీక్ష చేయించుకోకపోయి ఉంటే అడగండి.

నేను లారీ నడుపుతాను. మెషీన్ మానేసి వేరే వైద్యం మొదలుపెట్టే మధ్యకాలంలో డ్యూటీకి వెళ్లవచ్చా?

పగలు కునుకు వస్తున్నంతకాలం స్టీరింగ్ పట్టవద్దు. విజయవాడ రహదారి మీద నార్కట్‌పల్లి, సూర్యాపేట మధ్యనో, కర్నూలు వైపు జడ్చర్ల దాటాకనో తిన్నని రోడ్డులో రెండు సెకన్ల కునుకు చాలు ప్రమాదానికి. టీ తాగడం, కిటికీ దించడం, పాటలు పెట్టడం దీన్ని ఆపవు. బండిలో పడుకునేవారికి బ్యాటరీకి తగిలించే డీసీ అడాప్టర్లు ఉన్నాయి, కొత్త వైద్యం ఫలితం పరీక్షలో తేలేదాకా పాత మెషీన్‌నే వాడండి. బస్సు డ్రైవర్లకూ, రాత్రిళ్లు ట్రాక్టర్ తోలేవారికీ ఇదే మాట.

కొత్త వైద్యం పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? గురక తగ్గిందని మా ఇంటావిడ అంటోంది.

గురక తగ్గడం మంచి సూచనే కానీ రుజువు కాదు. దవడ పరికరం అమరాక దాన్ని పెట్టుకునే ఉండి, ఆపరేషన్ అయితే గాయం పూర్తిగా మానాక, బరువు తగ్గితే ఆ బరువు నిలిచాక మళ్లీ స్లీప్ స్టడీ చేయించుకోవాలి. ఇంట్లో చేసే పరీక్ష చాలామందికి సరిపోతుంది, గుండె బలహీనత, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ల్యాబ్‌లోనే చేయాలి. పరీక్ష ఖర్చు మిగుల్చుకోవాలని ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. ఈ పేజీలో ఒక్క సలహానే పాటిస్తానంటే దీన్నే పాటించమంటాను.

తెలిసినవాళ్లు వాడి మానేసిన మెషీన్ చవకగా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

మూడు విషయాలు చూశాకే. ఒకటి, మీ ఒత్తిడి వేరు కాబట్టి మీ రిపోర్టు ప్రకారం డాక్టరు మళ్లీ అమర్చాలి. రెండు, మాస్క్, ట్యూబ్, ఫిల్టర్ కొత్తవే కొనాలి. మూడు, లోపలి శబ్దం తగ్గించే నురగ పొడిపొడిగా రాలి గాలిలో కలిసే ప్రమాదముందని ఫిలిప్స్ సంస్థ 2021 జూన్‌లో ప్రపంచవ్యాప్తంగా ఎన్నో మోడళ్లను వెనక్కి పిలిచింది, ఆ సంస్థ పాత మెషీన్ అయితే సీరియల్ నంబరు సరిచూసుకోండి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు అయస్కాంతపు క్లిప్పులున్న మాస్కులు కొనవద్దు, వాళ్లతో ఒకే మంచం మీద పడుకునేవారు కూడా. కొత్త మెషీన్‌కు డబ్బు పెట్టే ముందు కొన్ని వారాలు అద్దెకు తీసుకుని చూడటం మేలు, అద్దెకిచ్చేటప్పుడు కనీసం రెండు మూడు రకాల మాస్కులు మార్చి చూపించే దుకాణాన్నే ఎంచుకోండి. ఇంట్లో వాడే మెషీన్‌కు చాలా ఆరోగ్య బీమా పాలసీలు డబ్బు చెల్లించవు, మీ పాలసీ సంగతి కొనకముందే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.